ఎండోమెట్రియోసిస్ వ్యాధి - సంతానప్రాప్తి: మన విద్యార్థినులు తెలుసుకొనవలసిన విషయాలు

ఆరోగ్యమే మహాభాగ్యమని పెద్దల మాట. వ్యాసరచన పోటీలలోను, సభావేదికలపైనను ఈ మాటను మనం తరచుగా వల్లిస్తుంటాము. కాని ఆ భాగ్యానికి నోచుకొనక, నోరు విప్పి చెప్పుకొనలేక, నెలకు రెండు మూడు దినాలు తరగతి గదికి దూరమవుతున్న సోదరీమణులు మన మధ్యనే ఉన్నారు. వారి సెలవు చీటీలలో తెలుగు మాధ్యమం వారు 'జ్వరము' అని వ్రాస్తారు. ఉర్దూ మాధ్యమం వారు 'తబియత్ నాసాజ్' అని వ్రాస్తారు. ప్రతి నెలా ఇంచుమించు అవే తేదీలకు వచ్చే ఈ జ్వరమేమిటో అడిగేవారు లేరు. అడిగినా చెప్పేవారు లేరు.

ఇట్టి విషయాన్ని కళాశాల వార్షిక సంచికలో వ్రాయవచ్చునా అని మేమును మొదట సంకోచించినాము. అయితే గుండె జబ్బును గురించి, మధుమేహాన్ని గురించి నిస్సంకోచంగా వ్రాసుకొనే మనం, స్త్రీ శరీరంలోని ఒక వ్యాధిని గురించి మాత్రం మౌనం వహించడం విద్యావంతులకు తగిన పని కాదని తోచినది. ఆ మౌనం వలన కలిగే నష్టం చిన్నది కాదు. అందువలన ఈ వ్యాసమును పాఠకుల ముందుంచుతున్నాము.

వ్యాధి స్వరూపము

గర్భాశయం లోపలి గోడకు ఒక మెత్తని పొర ఉంటుంది. దానికి వైద్యశాస్త్రంలో ఎండోమెట్రియం అని పేరు. ప్రతి నెలా గర్భధారణకు సిద్ధమై ఆ పొర మందమవుతుంది. గర్భం నిలువనప్పుడు అది విడిపోయి రక్తంతో కలిసి బయటకు వెళ్లిపోతుంది. దీనినే మనం బహిష్టు అనీ, ఉర్దూలో మాహ్‌వారీ అనీ అంటున్నాము.

కొందరు స్త్రీలలో ఈ పొరను పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల పెరుగుతుంది. అండాశయాలపైన, అండవాహికల పైన, గర్భాశయం వెనుక భాగంలో, ఒక్కొక్కప్పుడు మూత్రాశయం మీద, ప్రేగుల మీద కూడా ఇది కనిపిస్తుంది. ఇదియే ఎండోమెట్రియోసిస్. ఈ కణజాలం కూడా నెలనెలా శరీరంలోని హార్మోనుల ఆజ్ఞకు లోబడి ఉబ్బుతుంది, రక్తం స్రవిస్తుంది. గర్భాశయంలోని రక్తానికి బయటకు దారి ఉన్నది. ఈ రక్తానికి దారి లేదు. అందువలన ఆ చోట వాపు, మంట, నొప్పి కలుగుతాయి. కాలక్రమాన మచ్చలు ఏర్పడి, పక్కపక్కనున్న అవయవాలు జిగురు పెట్టినట్లు ఒకదానికొకటి అతుక్కొనిపోతాయి. అండాశయంలో చేరిన పాత రక్తం నల్లగా చిక్కబడి తిత్తిగా మారుతుంది. రంగును బట్టి దానిని వైద్యులు చాక్లెట్ తిత్తి అంటారు.

ఇది అంటువ్యాధి కాదు, క్యాన్సరు కాదు, ఎవరి పాపఫలమూ కాదు. 1860లో వియన్నా నగరానికి చెందిన రోకిటాన్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు ఇట్టి కణజాలాన్ని వర్ణించినాడు. 1920 దశకంలో అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ దీనికి ఇప్పటి పేరు పెట్టి, బహిష్టు రక్తంలో కొంత భాగం అండవాహికల గుండా వెనుకకు పోయి కడుపులో చేరుట వలన ఈ వ్యాధి వస్తుందని సిద్ధాంతీకరించినాడు. అయితే అట్లు వెనుకకు పోవుట చాలామంది స్త్రీలలో జరిగేదే. వారిలో కొందరికే వ్యాధి రావడానికి వంశపారంపర్యం, శరీర రక్షణ వ్యవస్థలోని తేడాలు కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. తల్లికో, తోడబుట్టిన అక్కకో ఈ వ్యాధి ఉన్నచో వచ్చే అవకాశం ఎక్కువ. దక్షిణ భారత స్త్రీలలో ఈ వ్యాధికి సంబంధించిన జన్యుభేదాలపై మన ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు కూడా అధ్యయనాలు ప్రకటించినారు.

ఏది సహజము, ఏది అసహజము?

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయస్సులోనున్న స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అనగా దాదాపు 19 కోట్ల మందికి, ఈ వ్యాధి ఉన్నది. అయినను గుండె జబ్బు పేరు తెలిసినంతమందికి దీని పేరు తెలియదు. కారణమేమనగా, దీని ముఖ్య లక్షణమైన బహిష్టు నొప్పిని మన ఇళ్లలో వ్యాధిగా లెక్కించరు. 'ఆడపుట్టుక పుట్టిన తరువాత ఇది తప్పుతుందా? మేము పడలేదా?' అని తల్లులే అంటారు. వారు కఠినులై అనుట లేదు. వారికిని ఎవరూ చెప్పలేదు గనుక అంటున్నారు.

బహిష్టు మొదటి రోజున కొద్దిపాటి నొప్పి చాలామందికి ఉంటుంది. వేడినీళ్ల కాపడంతోనో, ఒక మాత్రతోనో అది తగ్గిపోతుంది, పనులు ఆగవు. అది సహజమైన నొప్పి. మంచం దిగనివ్వని నొప్పి, తరగతులను, పరీక్షలను మాన్పించే నొప్పి, మందులకు లొంగని నొప్పి, ఏటేటా పెరుగుతూ పోయే నొప్పి సహజమైనవి కావు. ఆ దినాలలో మల మూత్ర విసర్జన సమయాన నొప్పి కలుగుట, బహిష్టు కాని రోజులలో కూడా పొత్తికడుపు లాగుచుండుట, రక్తస్రావం అధికమగుట, కడుపు ఉబ్బరం, విపరీతమైన నీరసం, వివాహితలకు దాంపత్య సమయంలో నొప్పి - ఇవన్నియు గమనింపదగిన లక్షణాలు. మరికొందరికి ఏ నొప్పీ ఉండదు; సంతానం కలుగక వైద్యుని వద్దకు వెళ్లినప్పుడే వ్యాధి బయటపడుతుంది. నొప్పి ఎంత ఎక్కువయితే వ్యాధి అంత ముదిరినదని చెప్పుటకు వీలులేదు. స్వల్పమైన వ్యాధికి భరింపరాని నొప్పి ఉండవచ్చును. ముదిరిన వ్యాధికి నొప్పియే లేకపోవచ్చును.

పది దేశాలలోని స్త్రీలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, లక్షణాలు మొదలైన నాటి నుండి వ్యాధిని గుర్తించే నాటికి సగటున ఏడేళ్లకు దగ్గరగా కాలం గడిచిపోతున్నదని తేలినది. పదునాలుగేండ్ల బాలికకు నొప్పి ఆరంభమైనదనుకొందాము. ఏడేళ్లు గడిచేసరికి ఆమెకు ఇరవై ఒకటి. మన ప్రాంతాలలో ఆ వయస్సుకు చాలామంది ఆడపిల్లల వివాహం జరిగిపోయి ఉంటుంది. వ్యాధి సంగతి తెలియక ముందే సంతానం సంగతి ముందుకు వస్తుందన్నమాట.

సంతానప్రాప్తిపై ప్రభావము

గర్భధారణ ఒక్క అడుగులో జరిగే కార్యం కాదు. అండాశయం నుండి అండం విడుదల కావలెను. దానిని అండవాహిక చివరనున్న వ్రేళ్ల వంటి కుచ్చులు అందుకొనవలెను. అక్కడ పురుష బీజకణంతో కలయిక జరుగవలెను. అట్లు ఏర్పడిన పిండం మెల్లగా ప్రయాణించి గర్భాశయం చేరి, మెత్తని పొరలో నాటుకొనవలెను. ఈ దారిలో ఎక్కడ ఆటంకం కలిగినను గర్భం నిలువదు.

ఎండోమెట్రియోసిస్ ఈ దారిలో అనేక చోట్ల అడ్డు తగులుతుంది. అవయవాలు అతుక్కొనిపోయినచో అండవాహిక మెలికపడి, అండాన్ని అందుకొనలేకపోతుంది. అండాశయంలోని తిత్తి ఆరోగ్యకరమైన భాగాన్ని ఆక్రమించి అండాల నిల్వను తగ్గిస్తుంది. ఉదరంలోని వాపు వలన ఊరే రసాయనాలు అండానికిని, బీజకణానికిని హాని చేస్తాయి. గర్భాశయపు పొరయందు పిండం నాటుకొనుటకు తగిన అనుకూలత కూడా కొందరిలో తగ్గవచ్చును.

అంకెలలో చెప్పవలెనన్నచో, ఆరోగ్యవంతులైన దంపతులకు ఒక్కొక్క నెలలో గర్భం వచ్చే అవకాశం నూటికి 15 నుండి 20 వరకు ఉంటుంది. చికిత్స లేని ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో అది నూటికి 2 నుండి 10 వరకు ఉంటుందని వైద్యుల అంచనా. ఈ వ్యాధి ఉన్నవారిలో 30 నుండి 50 శాతం మందికి సంతానప్రాప్తిలో ఇబ్బంది కలుగుతున్నది. ఈ అంకెలను జాగ్రత్తగా చదువవలెను. అవకాశం తగ్గినదే కాని పోలేదు. సగం మందికి, అంతకంటె ఎక్కువ మందికి కూడా, ఇబ్బంది లేకుండానే సంతానం కలుగుతున్నదని కూడా ఇవే అంకెలు చెబుతున్నవి. వ్యాధి పేరు వినగానే 'ఇక పిల్లలు పుట్టరు' అని నిరాశ చెందుట ఎంత పొరపాటో, ఏమీ కాదని ఏళ్లు గడుపుట కూడా అంతే పొరపాటు.

నిందకు మాట ఉన్నది, వ్యాధికి మాట లేదు

మన కళాశాలలో వినిపించే రెండు భాషలను ఒక్కసారి తలచుకొనండి. సంతానం లేని స్త్రీని తెలుగులో గొడ్రాలు అన్నారు. ఉర్దూలో బాంఝ్ అన్నారు. సంతానం లేని పురుషునికి ఇంత పదునైన మాట వాడుకలో ఏ భాషలోనూ లేదు. ఆమెను బాధించే వ్యాధికి పల్లెలో పలుకదగిన పేరు కూడ రెండు భాషలలోను లేదు. నిందించుటకు మాట సిద్ధంగా ఉన్నచోట, వ్యాధిని చెప్పుకొనుటకు మాట లేకపోవడమే ఈ సమస్యకు మూలమని మేము భావిస్తున్నాము.

మాకు తెలిసిన ఒక సోదరి ఉన్నది. ఊరు, పేరు చెప్పుట భావ్యం కాదు. పాఠశాలలో చదివే నాటినుండియే ఆమెకు నెలనెలా నొప్పి. 'పెళ్లయితే అదే తగ్గుతుంది బిడ్డా' అని నాయనమ్మ ధైర్యం చెప్పినది. పెళ్లయినది, నొప్పి తగ్గలేదు. మూడేళ్లయినా సంతానం కలుగలేదు. శుభకార్యాలలో పసుపు కుంకుమల పళ్లెం ఆమె ముందు నుండి తొలగిపోయినది. భర్తకు రెండవ సంబంధం చూడవలెనన్న మాట కూడా పుట్టినది. చివరకు పట్టణంలో పరీక్షలు చేయించగా అండాశయాలలో తిత్తులున్నవని తేలినది. అంతవరకు భర్తకు ఒక్క పరీక్షయు జరిపించలేదు! చికిత్స తరువాత ఆమె నొప్పి తగ్గినది. సంతానం కొరకు వైద్యం ఇంకను సాగుతున్నది. 'నాది తప్పు కాదు, జబ్బు అని తెలిసిన నాడు సగం బాధ తీరినది' అని ఆమె మాతో అన్నది.

వివాహం ఈ వ్యాధికి ఔషధం కాదు. గర్భధారణ సమయంలో కొందరికి నొప్పి ఉపశమించవచ్చునే కాని, అది శాశ్వతమైన నివారణ కాదు. సంతానలేమిలో పురుషుని వైపు లోపాలు దాదాపు సగం జంటలలో పాలుపంచుకొంటున్నవి. ఆ పరీక్ష సులభమైనది, తక్కువ ఖర్చుతో కూడినది. దానిని విడిచి స్త్రీని ఆసుపత్రుల చుట్టూ త్రిప్పుట న్యాయం కాదు. సంతానం కొరకు వేములవాడలో కోడె మొక్కు మొక్కుకొనేవారు, దర్గాలలో చాదర్ సమర్పించేవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు. వారి విశ్వాసాన్ని మేము ప్రశ్నించుట లేదు. మొక్కుతో పాటు వైద్యుని దర్శనం కూడా చేయవలసినదని మాత్రమే మా మనవి.

మన జిల్లాల పరిస్థితి

ఒకప్పటి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో అనేక జిల్లాలుగా విభజింపబడినవి. జిల్లాలు చిన్నవైనను దూరాలు తగ్గలేదు. ఆదిలాబాద్ నుండి హైదరాబాదుకు సుమారు 300 కిలోమీటర్లు. ఉట్నూరు, ఆసిఫాబాద్ ప్రాంతాల గూడెంలోని గోండు, కొలాం ఆడపడుచుకు జిల్లా కేంద్రానికి చేరుటయే ఒక ప్రయాణం. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ ప్రాంతాలలో వేలాది స్త్రీలు, వారిలో మన ముస్లిం సోదరీమణులు కూడా, బీడీలు చుట్టి జీవిస్తున్నారు. వేయి బీడీలకు ఇంత అని కూలి. నొప్పితో చేట ముందు కూర్చొనలేని దినాన కూలి రాదు. ఆసుపత్రికి వెళ్లిన దినానా కూలి రాదు. అందువలన మందుల దుకాణంలో ఒక మాత్ర తెచ్చుకొని మ్రింగి, మరల చేట ముందు కూర్చుంటారు.

ఇట్లు ఏళ్ల తరబడి ఓర్చుకొన్న తరువాత కొందరు గర్భసంచి తీయించుకొనుటకు సిద్ధపడుతున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయం తొలగింపబడినవారు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం! దేశపు సగటు కంటె రెట్టింపునకు మించిన ఈ అంకె మనందరిని ఆలోచింపజేయవలెను. ఈ శస్త్రచికిత్సలన్నియు ఎండోమెట్రియోసిస్ కొరకు జరిగినవి కావు. కొన్ని అవసరమైనవి కూడా. అయితే ఎండోమెట్రియోసిస్ విషయంలో ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. వ్యాధి ఉన్నది గర్భాశయానికి వెలుపల. లోపలి సంచిని తీసివేసినంత మాత్రాన వెలుపలి వ్యాధి పోతుందన్న హామీ లేదు. సంతానావకాశం మాత్రం శాశ్వతంగా పోతుంది. అండాశయాలను కూడా తొలగించినచో ముట్లుడిగే దశ అకాలంలో వచ్చి ఎముకలు బలహీనపడతాయి. అనవసరపు గర్భాశయ తొలగింపులను అరికట్టుటకు కేంద్రప్రభుత్వం రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలలలోగా చేపట్టవలసినదిగా 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటిని ఆదేశించినది.

ఆశాజనకమైన సంగతులు కూడా లేకపోలేదు. స్త్రీల కొరకు వారానికొకనాడు, ప్రతి మంగళవారం, ప్రత్యేక పరీక్షలు జరిపే 'ఆరోగ్య మహిళ' కార్యక్రమాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2023 మార్చి 8న మన కరీంనగర్‌లోనే ప్రారంభించినది. బహిష్టు సమస్యలు, సంతానలేమి అందులో చేర్చబడినవి. అదే సంవత్సరం హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభింపబడినది. ఆదిలాబాదులో రిమ్స్, కరీంనగర్‌లో వైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నవి. స్త్రీల వైద్యులను కలిసికొనుటకు ప్రతి ఒక్కరు రాజధానికి పరుగెత్తవలసిన పని లేదు.

నిర్ధారణ, చికిత్స

మొదట వైద్యురాలు ఓపికగా అడిగి తెలుసుకొనే వివరాలే ముఖ్యమైన ఆధారం. కాబట్టి నొప్పి వచ్చిన తేదీలు, దాని తీవ్రత, వాడిన మాత్రలు ఒక చిన్న పుస్తకంలో వ్రాసి తీసుకొనిపోవుట మంచిది. అవివాహిత బాలికలకు పొట్టపై నుండియే అల్ట్రాసౌండ్ పరీక్ష చేస్తారు. దానికి భయపడవలసినది ఏమియు లేదు. స్కానింగులో తిత్తులు కనబడతాయి గాని, చిన్న మచ్చలు కనబడకపోవచ్చును. కావున 'స్కానింగులో ఏమీ లేదు' అన్న మాటకు వ్యాధి లేదని అర్థం కాదు. మన దేశంలో జననేంద్రియాల క్షయ కూడా సంతానలేమికి ఒక కారణం గనుక వైద్యులు దానిని కూడా విచారిస్తారు. పూర్వం పొట్టకు చిన్న రంధ్రం చేసి గొట్టం ద్వారా చూచే లాపరోస్కోపీ లేనిదే వ్యాధి నిర్ధారణ కాదనేవారు. 2022లో ఐరోపా వైద్యసంఘం ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం ఆ శస్త్రపరీక్ష ప్రతివారికి అవసరం లేదు. లక్షణాలను బట్టియే మందులు ఆరంభింపవచ్చును.

నొప్పికి నొప్పి నివారక మందులు, వ్యాధిని అణచుటకు హార్మోను మాత్రలు ఉన్నవి. ఈ మాత్రల వలన ముందుముందు పిల్లలు పుట్టరన్న భయం నిరాధారమైనది. అయితే వాటిని వాడుచున్నంత కాలం గర్భం రాదు. అవి సంతానావకాశాన్ని పెంచవు కూడా. సంతానం కోరువారికి మార్గం వేరు. లాపరోస్కోపీ ద్వారా మచ్చలను, అతుకులను తొలగించుట ఒక పద్ధతి. కెనడాలో 341 మంది స్త్రీలపై జరిగి 1997లో ప్రకటితమైన అధ్యయనంలో, స్వల్ప వ్యాధి ఉన్నవారికి ఇట్టి చికిత్స చేయగా 36 వారాలలో 30.7 శాతం మంది గర్భవతులైనారు. చికిత్స చేయక కేవలం పరీక్షించిన వారిలో అది 17.7 శాతం. అండాశయపు తిత్తిని తీసేటప్పుడు ఆరోగ్యకరమైన అండాలు కూడా కొన్ని పోవచ్చును గనుక ఆ శస్త్రచికిత్సను తొందరపడి, మాటిమాటికి చేయించుకొనరాదు. వ్యాధి ముదిరినవారికి, వయస్సు మీరుచున్నవారికి అండాన్ని, బీజకణాన్ని ప్రయోగశాలలో కలిపే ఐ.వి.ఎఫ్. పద్ధతి ఉన్నది. అది ఖర్చుతో కూడినది; ప్రతిసారి ఫలిస్తుందన్న హామీ లేదు.

ఏ మార్గమైనను వయస్సు ముఖ్యం. ఏడాది పాటు ప్రయత్నించినను గర్భం రానిచో దంపతులిద్దరు వైద్యుని కలువవలెను. ఆమెకు 35 ఏళ్లు దాటినచో ఆరు నెలలకే కలువవలెను. వ్యాధి ఉన్నదని ముందే తెలిసినవారు అంతకాలం కూడా వేచియుండరాదు.

మా మనవి

విద్యార్థినులకు మా మనవి ఒక్కటే. ప్రతి నెలా మంచాన పడవేసే నొప్పిని దాచుకొనకండి. అమ్మతో, అక్కతో, అధ్యాపకురాలితో చెప్పండి. సోదర విద్యార్థులకును ఒక మాట: రేపు మీరు భర్తలు, తండ్రులు అవుతారు. మీ ఇంట ఈ నొప్పి కనబడినప్పుడు హేళన చేయక ఆసుపత్రికి వెంటబెట్టుకొని వెళ్లండి. పరీక్ష మీకు కూడా అవసరమన్నప్పుడు వెనుదీయకండి.

కళాశాల కమిటీ పెద్దలకు వినయపూర్వకంగా మూడు విన్నపాలు. విద్యార్థినుల విశ్రాంతి గదిలో ఒక మంచం, వేడినీటి సంచి ఏర్పాటు చేయించవలెను. సంవత్సరానికొకసారి స్త్రీల వైద్యురాలిని ఆహ్వానించి, ఉర్దూలోను తెలుగులోను ప్రసంగం ఇప్పించవలెను. బహిష్టు నొప్పి వలన హాజరు తగ్గిన విద్యార్థిని వైద్యురాలి చీటీ తెచ్చినప్పుడు దానిని ఇతర అనారోగ్యముల వలెనే గౌరవించవలెను. వీటికి పెద్ద ఖర్చు లేదు.

వచ్చే సంవత్సరం మన సెలవు చీటీలలో 'జ్వరము' అన్న మాట స్థానంలో నిజమైన కారణం వ్రాయగల ధైర్యం ఒక్క విద్యార్థినికి కలిగినను, ఆ చీటీని చదివిన అధ్యాపకులు తలపంకించక అర్థం చేసికొన్నను, మా ఈ చిన్న ప్రయత్నం సఫలమైనట్లే భావిస్తాము.